మిగిలిన సగము వైద్యము

విడపనకల్లు వంటి కరవుసీమలో వృద్ధుని తుంటి విరిగినచో ఇంటిల్లిపాదికిని దిగులే. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వలన పేదకును శస్త్రచికిత్స అందినది. కాని దాని తరువాత ఏమి జరుగునో చెప్పువారు అరుదు.

పుత్తూరు కట్టు ప్రసిద్ధిగన్న సీమ యిది. కట్టు కట్టించుకొన్నవాడు కదలరాదనుట తరతరాల నమ్మకము. శస్త్రచికిత్స ఆ నియమమును తారుమారు చేసినది. వైద్యుడు నడుమున మత్తుసూది వేసి, ఎముకలో లోహపు కడ్డీ నమర్చి, సాధారణముగ మరునాడే రోగిని నిలువబెట్టును. అది క్రౌర్యము కాదు. కడ్డీ ఎముకను నిలిపియుంచును, అతికించుకొనునది శరీరమే. అందులకు సుమారు మూడు నెలలు పట్టును. బీడీ, చుట్ట ఆ పనిని ఆలస్యము చేయును.

"కదలవద్దు నాయనా" అని మంచమున నుంచు ప్రేమయే అపాయకరము. నరములలో రక్తము గడ్డకట్టును. రొమ్మున నెమ్ము చేరును. వీపున పుండ్లు పడును. నొప్పికి మందు కలదు, నడకకు బదులు లేదు.

ఈ మాటలు ఆసుపత్రి చీటిలో తెలుగున నుండవలెను. ఆంగ్లముననే యున్నచో, దానిని చదివి తాతకు వివరించుట ఊరి ఉపాధ్యాయుని విధి, బడికి పోవు మనుమని విధి. చదువునకు ఇంతకంటె సార్థక్య మేమున్నది?