మంత్రగాడి లెక్కలు, మన లెక్కలు

నేను బి.కాం. చదివి, రక్షణ శాఖ అకౌంట్స్‌లో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయినవాణ్ణి. వైద్యం తెలియదు, లెక్కలు తెలుసు. జమ ఒక్కటే చూపించి ఖర్చు దాచేవాడు దొంగలెక్క రాస్తున్నాడని మాత్రం చెప్పగలను.

పాముమంత్రం అలాంటి లెక్కే. మన దేశంలో పాముల్లో ఎక్కువ భాగం ప్రాణం తీసేవి కావు. విషసర్పం కరిచినా ప్రతిసారీ విషం ఎక్కదు. అంటే మంత్రగాడి దగ్గరకు వెళ్ళేవాళ్ళలో చాలామంది ఏమీ చేయకపోయినా బతుకుతారు. వాళ్ళందరినీ ఆయన తన ఖాతాలో జమ వేసుకుంటాడు. చచ్చిపోయినవాణ్ణి మాత్రం "ఆయుష్షు తీరింది", "మైల తగిలింది" అని తలరాత ఖాతాలోకి తోసేస్తాడు. నష్టం పద్దే లేని వ్యాపారం!

ఈ మాట నేను ఎన్నో సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ చప్పట్లు ఒక రోజున నా చెంపమీద పడ్డాయి.

కృష్ణా డెల్టాలో మా ఊళ్ళో మా పొలం కౌలుకు చేసే అతను రాత్రి నేలమీద పడుకుని ఉండగా కట్లపాము కరిచింది. దాని కాటు చాలాసార్లు చీమ కుట్టినంత కూడా అనిపించదు. కాసేపటికి కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వచ్చి, తెల్లవారేసరికి ఊపిరి అందక పోయాడు. మంత్రగాడి దగ్గరకు తీసుకెళ్ళారని విని, పరామర్శకు వెళ్ళిన నేను అతని భార్యకు మూఢనమ్మకాల మీద పాఠం మొదలుపెట్టాను. ఆమె అన్నది ఇంతే: "ముందు ఆసుపత్రికే వెళ్ళామండీ బాబుగారూ. తాళం వేసుంది. మంత్రగాడు లేచి తలుపు తీశాడండీ."

మిత్రులారా, దీనికి మన దగ్గర జవాబు ఉందా?

మైదాన ప్రాంతంలో 30 వేల మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది కాగితం మీది లెక్క. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకపింజరి ఈ నాలుగింటి విషానికీ విరుగుడు ఒకే ఇంజక్షన్. మొదటి మోతాదే 8 నుంచి 10 వయల్స్. పసిపిల్లలకైనా అంతే, ఎందుకంటే పాము వయసు అడిగి విషం కొలిచి పోయదు. కాబట్టి బీరువాలో రెండు వయల్స్ పెట్టి రిజిస్టర్లో "స్టాకు ఉంది" అని రాసేవాడు కూడా మంత్రగాడే! పింజరి విషం ఎక్కిందో లేదో తేల్చడానికి శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూస్తారు. దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, మెలకువగా ఉన్న మనిషి కావాలి.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి 58 వేలు! ఎక్కువ మంది పల్లెవాళ్ళే. 2030 నాటికి ఈ చావులను సగానికి తగ్గిస్తామని కేంద్ర ప్రభుత్వం 2024లో ప్రణాళిక ప్రకటించింది. మంచిదే. కానీ 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు పెరిగితే ప్రభుత్వ యంత్రాంగమే మోపిదేవిలో సర్పశాంతి యాగం జరిపించింది. శాస్త్రీయ దృక్పథం పౌరుడి విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతుంటే, ఆ విధి అధికారులకు వర్తించదా? అప్పుడు నేనూ మండిపడ్డాను. అయితే మరుసటి ఏడాది అదే సీమ ఆసుపత్రుల్లో ఎన్ని వయల్స్ ఉన్నాయని అడగలేదు. నా తప్పు అక్కడే ఉంది.

"ఆసుపత్రుల తనిఖీ మన పని కాదు, నమ్మకాలతో పోరాటమే మన పని" అనే మిత్రులున్నారు. మశూచి వస్తే అమ్మవారు పోసిందని జాతర్లు చేసిన జాతి మనది. ఆ అమ్మవారిని పంపించింది వ్యాసాలు కాదు, ఇంటింటికీ తిరిగి టీకాలు వేసిన చిన్న ఉద్యోగులు. 1975 తర్వాత దేశంలో మశూచి కేసు లేదు. మందు అందినచోట మంత్రం పలచబడుతుంది. అందనిచోట మనం ఎంత అరిచినా పోదు.

కాబట్టి ఇకమీద ప్రతి సభ్యుడూ తన మండలంలోని ఆరోగ్య కేంద్రాన్ని ఆడిట్ చేయాలని నా ప్రతిపాదన. 2005 సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయలకు మించని ఫీజుతో మూడు ప్రశ్నలు అడగండి. ఈ రోజున విరుగుడు వయల్స్ ఎన్ని ఉన్నాయి? గడిచిన ఏడాదిలో ఒక్క వయల్ కూడా లేని రోజులెన్ని? రాత్రి డ్యూటీ ఎవరిది? 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు చేయండి. చక్కగా పనిచేస్తున్న డాక్టరు, నర్సు కనబడితే వాళ్ళ పేరు కూడా నలుగురికీ చెప్పండి, జమ పద్దు కూడా రాయాలి కదా.

మంత్రగాణ్ణి నిలదీయడం మానమనడం లేదు. ఆ అర్ధరాత్రి తాళం వేసిన తలుపును కూడా నిలదీయమంటున్నాను. ఆమెకు నేను ఇంకా బాకీ ఉన్న జవాబు అదే.