ఫోను పాఠం చెబుతుంది, పక్కన మీరు కూర్చోండి

చమఖండి యువతీ యువకులకు,


సూరత్ మిల్లుల్లో పనిచేస్తున్నవాళ్లకు, బరంపురం కాలేజీల్లో చదువుతున్నవాళ్లకు, ఛత్రపురం కోచింగులకు తిరుగుతున్నవాళ్లకు, ఊళ్లోనే ఉండి ఇల్లు చక్కదిద్దుతున్న ఆడపిల్లలకు, అందరికీ కలిపి రాస్తున్న ఉత్తరం ఇది. మీలో కొందరి చేత అక్షరాలు దిద్దించిన చనువు నాకుంది. రాబోయే పదిపదిహేనేళ్లలో బడి రూపం బాగా మారబోతోంది. ఆ మార్పు మన ఇళ్లలోని చిన్నపిల్లలకు మేలు చేస్తుందా, వాళ్లను ఇంకా వెనక్కి నెడుతుందా అన్నది చాలావరకు మీ మీదే ఆధారపడి ఉంది.

మన పిల్లల కష్టం మీరు పడి వచ్చిందే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పైచదువుకు ఇంగ్లీషు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మన గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది. ఒడియా మనకు అన్నం పెడుతున్న భాష, మన ఇరుగుపొరుగు భాష. దాన్ని మన పిల్లలు శ్రద్ధగా నేర్చుకోవాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆరేళ్ల పిల్ల బడికెళ్లి, టీచరు చెప్పేది అర్థంకాక బిక్కమొహం వేసుకు కూర్చుంటే, ఆ పిల్లకు చదువు రాదని ముద్ర పడిపోతుంది. లెక్క రాక కాదు, ఆ లెక్క చెప్పిన భాష ఇంకా రాక ఆగిపోయిన పిల్లలను నేను చాలామందిని చూశాను.

అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు ఉండాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటిభాషలో బోధన ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా అంది. అయినా ఒక తరగతిలో తెలుగు పిల్లలు నలుగురైదుగురే ఉన్నప్పుడు వాళ్లకోసం టీచరునూ పుస్తకాలనూ తెప్పించుకోవడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

కొత్త సాధనాల మీద నాకు ఆశ కలిగేది ఇక్కడే. 2017లో దీక్ష అనే చదువుల వేదిక వచ్చింది. పాఠపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే పాఠం తెర మీదికి వస్తోంది. 2022లో కేంద్ర ప్రభుత్వం భాషిణి మొదలుపెట్టింది. ఒక భారతీయ భాషలో అన్న మాటను ఇంకో భాషలో వినిపించే పని అది. రేపు ఒడియా టీచరు చెప్పే పాఠాన్ని మన పిల్ల తన తెలుగులో వింటూ, పక్కనే ఒడియా మాటలనూ పట్టుకోవచ్చు. చూపులేని పిల్లవాడికి పుస్తకాన్ని ఫోనే చదివి వినిపించవచ్చు. పదిసార్లు అడిగినా విసుక్కోకుండా పదకొండోసారి చెప్పవచ్చు. నలుగురు పిల్లలే ఉన్నారన్న సాకు యంత్రం దగ్గర చెల్లదు.

మొన్న కార్తీకంలో ఆర్యపల్లి ఒడ్డున ఒక సంగతి చూశాను. ఏడో తరగతి పిల్ల ఒకతె ఫోనును తెలుగులోనే అడిగింది, సముద్రానికి పోటు ఎందుకొస్తుందని. చంద్రుడి ఆకర్షణ వల్ల అని జవాబొచ్చింది. పక్కన వల బాగుచేసుకుంటున్న తాత తల ఎత్తకుండానే, "పున్నానికే కాదమ్మా, అమాసకీ పోటు గట్టిగానే ఉంటాది" అన్నాడు. ఆ పిల్లకు అనుమానం పట్టుకుంది. అమాస నాడు చంద్రుడే కనిపించడు కదా, మరి లాగేదెవరు? మళ్లీ అడిగింది. అమాసకీ పున్నానికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వస్తాయని, సూర్యుడి లాగుడు కూడా కలిసి పోటు పెరుగుతుందని ఫోను చెప్పింది. పిల్ల ఇసుకలో పుల్లతో మూడు సున్నాలు గీసి, మధ్య సున్నాను చెరిపి ఇటు ఒకసారి, అటు ఒకసారి పెట్టి చూసుకుంది. అప్పుడు తాత, "వచ్చే అమాసకి నీళ్లు ఎందాక వస్తాయో కర్ర పాతి చూడు" అన్నాడు.

చదువంటే అదే పిల్లలూ. తాత లేకపోతే ఆ రెండో ప్రశ్న పుట్టేది కాదు. ఫోను లేకపోతే జవాబు ఆ పూటే దొరికేది కాదు. కర్ర పాతి చూస్తే తప్ప ఆ జవాబు తన సొంతమూ కాదు.

యంత్రం ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో దేశం ఇదివరకే చూసింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు అందించారు. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ అందులో ఉన్నాయి. తెలుగులో, ఒడియాలో కూడా కార్యక్రమాలు వచ్చేవి. పొద్దున పూట పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. చాలా గొప్ప ప్రయత్నం, ఆ తర్వాతి ఇన్సాట్‌కు దారి వేసింది అదే. కానీ 1976 జూలైతో గడువు తీరి ఉపగ్రహం మళ్లిపోయాక చాలా ఊళ్లలో ఆ ప్రసారాలు ఆగిపోయాయి. ఆ పిల్లలకు మళ్లీ మాస్టారు, నల్లబల్లే దిక్కయ్యాయి. పెరూ దేశంలోనూ పల్లె బడుల పిల్లలకు లాప్‌టాప్‌లు పంచారు. లెక్కల్లో, భాషలో వాళ్లు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదని 2012లో తేలింది. పరికరం ఇచ్చారు, దాన్ని పాఠంతో కలిపే మనిషిని పక్కన పెట్టలేకపోయారు.

ఆ మనిషి ఎలా ఉండాలో మన నేల మీదే చూశాం. పర్లాకిమిడి గంజాం జిల్లాలో ఉన్న రోజుల్లో గిడుగు రామమూర్తి పంతులుగారు అక్కడ మాస్టారు. సవర గిరిజన పిల్లలకు తెలుగు బడిలో పాఠం అర్థం కావడం లేదని, ఆయనే సవర భాష నేర్చుకున్నారు. వాళ్ల భాషలోనే పాఠపుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. అచ్చుయంత్రం అప్పటికే దేశమంతా ఉంది, అయినా సవర మాట దానంతట అది పుస్తకంలోకి రాలేదు. ఒక మాస్టారు పూనుకుంటే వచ్చింది.

ఇవాళ మన గంజాం తెలుగు పరిస్థితీ అదే. యంత్రాలు నేర్చుకునేది పుస్తకాల తెలుగు, పత్రికల తెలుగు. మన అమ్మమ్మ మాట్లాడే తెలుగు, ఒడియా పలుకుబడి కలిసిన ఈ తీరపు తెలుగు అందులో ఎంతుంది? మన పిల్ల అడిగింది యంత్రానికి అందాలంటే మన మాట అందులోకి వెళ్లాలి. పంపవలసినవాళ్లు మీరే. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ వచ్చినవాళ్లు మీకంటే ఎవరున్నారు?

అందుకే మిమ్మల్ని కొన్ని పనులు అడుగుతున్నాను. ఊళ్లో ఉన్నవాళ్లు రోజూ సాయంత్రం ఒక గంట బడి వరండాలోనో, గుడి అరుగు మీదో చిన్నపిల్లలను కూర్చోబెట్టండి. ఫోను మధ్యలో పెట్టండి, ప్రశ్న మాత్రం పిల్లలచేతే అడిగించండి. లెక్క ముందు వాళ్లే చేయాలి, ఆ తర్వాతే యంత్రంతో సరిచూసుకోవాలి. జవాబు ఎంత నున్నగా ఉన్నా ఇది నిజమేనా, ఎలా తెలుస్తుంది అని అడగడం అలవాటు చేయండి. యంత్రం తప్పు కూడా అంతే ధీమాగా చెబుతుంది.

పెద్దవాళ్ల అనుమతి తీసుకుని వాళ్ల మాటలు రికార్డు చేయండి. చేపల పేర్లు, గాలుల పేర్లు, పంటల లెక్కలు, పెళ్లిపాటలు, ఏవైనా సరే. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది, అందులో ఎవరైనా రాయవచ్చు. మన ఊరి గురించి మీరే రాయండి.

సూరత్‌లో ఉన్న నాయనలారా, మీకొక మాట. 2020లో కరోనా వల్ల బడులు మూసినప్పుడు ఇంటికి ఒక్కటే ఫోను ఉన్న చోట అది మగపిల్లాడి చేతిలోకి వెళ్లింది, ఆడపిల్ల వంటింట్లోకి వెళ్లింది. ఆ అన్యాయం మళ్లీ జరగనివ్వకండి. ఇంటికి పంపే ఫోను మీద కొడుక్కి ఎంత హక్కుందో కూతురికీ అంతే ఉంది. వీడియో కాల్‌లో మార్కులెన్ని అని కాకుండా, ఇవాళ బడిలో ఏం అడిగావమ్మా అని ఒక్కసారి అడిగి చూడండి.

మంచి ఫోను ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య తేడా రేపు కొంత తగ్గుతుంది. పక్కన కూర్చుని పట్టించుకునే మనిషి ఉన్న పిల్లకూ లేని పిల్లకూ మధ్య తేడా మాత్రం పెరుగుతుంది. చమఖండిలో ఏ పిల్లా ఆ రెండో వరుసలో మిగలకుండా చూడండి. ఈ వేసవి సెలవుల దాకా ఆగకండి, ఈ వారమే మొదలుపెట్టండి.

ఇట్లు,
మీ మేలు కోరే
పాత మాస్టారు