కరెంటా... లేజరా?

మాస్టారి గొంతు బొంగురుపోయి నెల దాటింది. సుద్దపొడి పడలేదేమో అనుకున్నారు మొదట. భార్య మిరియాల పాలు కాచి ఇచ్చింది. తోటి టీచరొకాయన కరక్కాయ బుగ్గన పెట్టుకోమన్నాడు. జలుబు లేదు, జ్వరం లేదు, గొంతు మాత్రం తెరుచుకోదు. ఆఖరికి ఈఎన్‌టీ డాక్టరు సన్నటి గొట్టంతో లోపలికి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. స్వరతంత్రి మీద క్యాన్సర్... తొలిదశ.

క్యాన్సర్ అన్న మాట విన్నాక డాక్టరు చెప్పే రెండో మాట ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కదు. నిజానికి వినాల్సింది ఆ రెండో మాటే. స్వరతంత్రి మీద నువ్వుగింజంత గడ్డ లేచినా గొంతు మారిపోతుంది కాబట్టి ఈ జబ్బు తొందరగా బయటపడుతుంది. పైగా అక్కడ లింఫు నాళాలు చాలా తక్కువ. మెడ గ్రంథులకు అంత త్వరగా పాకదు. గడ్డ స్వరతంత్రులను దాటకుండా, అవి మామూలుగా కదులుతూ ఉన్న దశలోనే పట్టుకుంటే నూటికి సుమారు తొంభై మందికి నయమవుతుంది.

మరి ఏ వైద్యం? చిక్కంతా ఇక్కడే. దారులు రెండు. ఒకటి రేడియేషన్... మనవాళ్ల భాషలో ‘కరెంటు పెట్టడం’. రెండోది లేజర్ ఆపరేషన్. జబ్బు నయం కావడంలో రెండూ ఇంచుమించు సమానమే. తేడా అంతా మిగతా వాటిలో!

లేజర్‌కి మత్తిచ్చి, నోట్లోంచే గడ్డను తీసేస్తారు. పైన కోతా, కుట్లూ ఉండవు. చాలామంది ఆ రోజో మర్నాడో ఇంటికి వెళ్లిపోతారు. కరెంటుకైతే వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు తిరగాలి. పెట్టేటప్పుడు నొప్పి తెలియదు. రెండు మూడు వారాలయ్యాక గొంతు మంట, మింగితే నొప్పి, మెడ మీద చర్మం నల్లబడటం మొదలవుతాయి. చికిత్స అయ్యాక మెల్లగా తగ్గుతాయి. పొలం వదిలి, తోడుగా ఒక మనిషిని తెచ్చుకుని పట్నంలో నెలన్నర ఉండటమంటే ఓ రైతు కుటుంబానికి ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

గొంతు సంగతి? గడ్డ పైపైన, తంత్రి మధ్యలో ఉంటే లేజర్ తర్వాత కూడా స్వరం బాగానే ఉంటుంది. లోపలి కండరం దాకా కోయాల్సి వస్తే మాటలో గాలి పోతుంది. రెండు తంత్రులూ ముందువైపు కలిసే మూలన గడ్డ ఉన్నా లేజర్‌తో కష్టమే. అలాంటప్పుడు గొంతే బతుకుతెరువైనవాళ్లకు కరెంటు వైపు మొగ్గుతారు. గుండెజబ్బు వల్ల మత్తు పడనివాళ్లకూ, నోరు సరిగా తెరుచుకోనివాళ్లకూ అదే దారి.

అయితే కరెంటుతో ఒక మెలిక ఉంది. ఒకేచోట రెండోసారి పెట్టడం సాధారణంగా కుదరదు. జబ్బు తిరగబెడితే ఆపరేషనే గతి. ఒక్కోసారి స్వరపేటిక మొత్తం తీసేయాల్సి రావచ్చు. లేజర్ అయితే మళ్లీ చేయొచ్చు, కరెంటు తురుపుముక్కలా చేతిలో ఉంటుంది. వయసులో ఉన్నవాళ్లకు లేజర్ ముందు అనడానికి కారణం ఇదే.

ఈ తర్జనభర్జన కొత్తదేం కాదు. 1887లో జర్మనీ యువరాజు ఫ్రెడరిక్ గొంతు బొంగురుపోయింది. గొంతు తెరిచి గడ్డ తీసేద్దామన్నారు జర్మన్ వైద్యులు. ఇంగ్లండు నుంచి వచ్చిన మెకెంజీ ముందు ముక్క పరీక్ష చేయిద్దామన్నాడు. పరీక్షించిన విర్కోకి క్యాన్సర్ కనిపించలేదు. ఆపరేషన్ ఆగిపోయింది, జబ్బు ఆగలేదు. 1888లో గద్దెనెక్కిన ఆయన 99 రోజులే చక్రవర్తి. అప్పటికి ఎక్స్‌రేనే లేదు, ఇక కరెంటూ లేజరూ ఎక్కడివి!

ఇప్పుడు రెండూ ఉన్నాయి కాబట్టే సర్జన్‌నీ, రేడియేషన్ డాక్టర్‌నీ ఇద్దరినీ కలిశాకే నిర్ణయించుకోవాలి. అందుకు కొద్ది రోజులు పట్టినా నష్టం లేదు, నెలలు నాన్చితేనే ముప్పు. ఏది ఎంచుకున్నా చుట్ట, బీడీ, సిగరెట్ మానాల్సిందే. పొగ తాగుతూ కరెంటు పెట్టించుకుంటే ఫలితం తగ్గుతుంది.

మాస్టారు ఇద్దరినీ ఒకటే అడిగారు... ‘‘మళ్లీ పాఠం చెప్పగలనా?’’ అని. గడ్డ తంత్రి మధ్యలో, పైపైనే ఉంది. లేజర్‌కే ఒప్పుకున్నారు. కొన్నాళ్లు గొంతుకి విశ్రాంతి ఇవ్వమన్నారు డాక్టర్లు. ఇప్పుడాయన కాఫీ కావాలంటే పలక మీద రాసి చూపిస్తున్నారు. మొన్న అలవాటుగా ‘సిగ...’ అని రాయబోతే, భార్య పలక లాక్కుని తుడిచేసింది.