ఏర్పరచబడిన జనం, వెలివేయబడిన వాడ

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల దళితవాడల్లో, తండాల్లో ప్రార్థనా మందిరాలకు బేతేలు, సియోను, హెబ్రోను వంటి పేర్లు పెట్టుకుంటారు. యెరూషలేము క్షేమం కోసం ప్రార్థిస్తారు. 2023 అక్టోబరు 7 తర్వాత యుద్ధవార్తలు వచ్చినప్పుడల్లా, ప్రవచనం నెరవేరుతోందనే ప్రసంగాలు జోరందుకున్నాయి. యూదుల విషయంలో దేవుని ప్రణాళిక ముగియలేదనీ, వాళ్లు తమ దేశానికి తిరిగి చేరడమే కడవరి దినాలకు గుర్తనీ ఆ బోధ సారాంశం.

ఇది అపొస్తలుల కాలం నుంచీ అందరూ ఒప్పుకున్న మాటేమీ కాదు. పౌలు రోమా పత్రిక 9 నుంచి 11 అధ్యాయాల్లో ఈ ప్రశ్నతోనే పెనుగులాడి, దేవుడు తన ప్రజల్ని విడిచిపెట్టలేదన్నాడు. ఆ తర్వాత శతాబ్దాల పాటు సంఘం చెప్పింది వేరు: క్రీస్తును కాదన్నందుకు యూదుల స్థానం తమకు దక్కిందని. 1543లో లూథర్ వాళ్ల సమాజమందిరాలను తగలబెట్టమని రాశాడు. అరవై లక్షల మంది యూదులను నాజీలు చంపాక, 1965లో గానీ కాథలిక్ సంఘం క్రీస్తు మరణానికి ఆ జాతి మొత్తాన్నీ దోషిగా ఎంచరాదని ప్రకటించలేదు. ఇప్పుడు మన పల్లెల్లో వినిపించే బోధను ప్రచారం చేసింది 19వ శతాబ్దపు బోధకుడు జాన్ నెల్సన్ డార్బీ, తర్వాత 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ బైబిలు వ్యాఖ్యలు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డాక దానికి తిరుగులేకుండా పోయింది.

గ్రంథం ఒకటే. చరిత్ర మలుపు తిరిగినప్పుడల్లా అర్థం మారింది. యూదులు చెదిరిపోతే దేవుని శిక్ష, తిరిగొస్తే దేవుని వాగ్దానం. ఏం జరిగితే ఈ బోధ తప్పని ఒప్పుకుంటారు? ఆ ప్రశ్నకు జవాబు లేని మాటను ప్రవచనమని ఎలా నమ్మాలి?

ఇంతకన్నా నన్ను బాధించేది ఈ బోధ యూదుల మీద చూపే ప్రేమ. కడవరి దినాల కథనంలో యూదుల కోసం మహాశ్రమలు కాచుకుని ఉంటాయి. జెకర్యా 13:8ని ఆధారం చేసుకుని, మూడింట రెండు వంతుల మంది నశిస్తారని కొందరు బోధకులు చెబుతారు. ఒక జాతి చావును ఎదురుచూస్తూ ఆ జాతిని ఆశీర్వదించడం అమానుషం. ఆ కథలో యూదు మనిషి లేడు, పాత్ర మాత్రమే ఉంది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ఈ నమ్మకం మరో దారి పట్టింది. క్రైస్తవ ప్రబోధకుడిగా ఉన్న షమూయేలు యాకోబి, ఆయన తమ్ముడు సాదోకు నాయకత్వంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఇశ్రాయేలీయుల్లోని ఎఫ్రాయిము గోత్రీకులమని ప్రకటించుకుని, 1990ల తొలినాళ్లలో సమాజమందిరం కట్టుకున్నాయి. తాము మనష్షే గోత్రీకులమని చెప్పుకునే మణిపూర్, మిజోరంలలోని బ్నెయి మెనాషేలను ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ 2005లో ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. వీళ్లకు అలాంటి గుర్తింపు రాలేదు. ఈ కుటుంబాలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. తరతరాలుగా అంటరానివాళ్లనిపించుకున్న మనుషులు గౌరవం వెతుక్కున్నారు. కానీ ఆ గౌరవం కోసం మళ్లీ వంశమే చూపించాల్సి రావడం ఎంత విషాదం!

ఈ వెతుకులాట కొత్తది కాదు. 1878 జూలై 3న ఒంగోలు మిషన్‌లో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కరువు ఒక కారణమే, పుట్టుకను బట్టి తొక్కిపెట్టే సమాజం నుంచి బయటపడాలన్న తపన కూడా అందులో ఉంది. మతం మారినా కులం వాళ్లను వదల్లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ దళితుడికి ఎస్సీ హోదా లేదు, మన దగ్గర బీసీ-సీలో ఒక శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకుంటున్నాడు. పుట్టుకే ఇంతగా శిక్షించిన మనుషులకు, పుట్టుకతోనే ఒక జాతి దేవునికి ప్రత్యేకమని బోధించడం నాకు మింగుడుపడదు. పుట్టుకను బట్టి ఒకరిని పైకెత్తే సూత్రమూ మరొకరిని కిందకు నెట్టే సూత్రమూ ఒకటే.

పుట్టుకతో ఏ జాతీ దేవునికి ప్రత్యేకం కాదన్న మాట బైబిలులోనే ఉంది. ఆమోసు 9:7లో ఇశ్రాయేలీయులు తనకు కూషీయుల వంటివారేనని, వాళ్లను ఐగుప్తు నుంచి రప్పించినట్టే ఫిలిష్తీయులను కఫ్తోరు నుంచి, అరామీయులను కీరు నుంచి రప్పించానని దేవుడే అంటాడు. పాస్టర్లూ, ఇజ్రాయెల్ మీద ప్రసంగించే ఆదివారం ఈ వాక్యం కూడా చదివి వినిపించండి.