చేపల పులుసు మీద ఫ్రెంచి వైనా!

పోయిన జూన్‌లో మా మరిది కొడుకు టూలూజ్ నుంచి వచ్చాడు. అక్కడ విమానాల కంపెనీలో ఇంజినీరు. పెట్టెలోంచి చాక్లెట్లూ సబ్బులూ తీయడం అయ్యాక, తువ్వాల్లో చుట్టిన నల్లటి సీసా ఒకటి బయటికొచ్చింది.

'పెద్దమ్మా, కావోర్ రెడ్‌వైన్. ఆదివారం అందరం రుచి చూద్దాం' అన్నాడు.

అత్తయ్య పేపరు మడిచి పక్కన పెట్టారు. 'వైనంటే ద్రాక్ష సారాయే కదరా?'

ఆవిడది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు, చుట్టుపక్కల ఊళ్లలో వేలంపాటలు ఆపడానికి వెళ్లినవాళ్లలో ఆవిడా ఉన్నారు. సొంత తమ్ముడి సంసారం సారాతోనే గుల్లయింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు గానీ, ఎస్.ఆర్. నగర్‌లోని మా ఇంట్లో మాత్రం అది ఇన్నాళ్లూ అమల్లోనే ఉంది. మావారు ఎప్పుడైనా స్నేహితులతో పుచ్చుకుంటే, సోంపు నమిలి గానీ గడప తొక్కరు. (నాకు తెలుసని ఆయనకు తెలీదు. ఈ వారంతో తెలిసిపోతుంది.)

'రెడ్‌వైన్ గుండెకు మంచిదటమ్మా' అంటూ మావారు రంగంలోకి దిగారు. 1991లో ఓ అమెరికా టీవీ కార్యక్రమం తర్వాత ఊరూరా పాకిన మాట అది. హాని లేని మోతాదంటూ ఏదీ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చేసింది. 13.5 శాతం వైన్ 150 మి.లీ. తాగితే, సుమారు 16 గ్రాముల ఆల్కహాలు ఒంట్లోకి పోయినట్టే.

పిల్లాడు నయం. 'మంచిదేం కాదు నాయనమ్మా, రుచి కోసమే' అన్నాడు.

అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. చివరికి 'చాటుగా తాగేకంటే నా కళ్లముందే తాగండి. మనిషికో గ్లాసు. రెండోది పోశారా, నేను బస్సెక్కి ఊరెళ్లిపోతా' అన్నారు. ఆవిడ అన్నారంటే ఎక్కేస్తారు.

కావోర్ అనేది టూలూజ్‌కి ఉత్తరంగా వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, లాట్ నది ఒడ్డునున్న ఊరు. ఆ పేరుతో అమ్మే వైన్‌లో మాల్బెక్ ద్రాక్ష కనీసం 70 శాతం ఉండాలి. చిక్కటి రంగు చూసి 'నల్ల వైన్' అని పిలిచేవారట. దీన్ని 16-18 డిగ్రీల చల్లదనంలో తాగాలి. మన గదుల వేడికి స్పిరిట్ వాసనే ముందు కొడుతుంది. అందుకని గంట ముందే గాజు జగ్గులోకి వంపి గాలి తగలనిచ్చి, చివరి అరగంట ఫ్రిజ్‌లో పెట్టాం. గ్లాసులో మూడోవంతు పోసి, గుండ్రంగా తిప్పి, వాసన చూసి, గుక్కెడు నోరంతా తిప్పుకోవాలి. నేనూ రెండు గుక్కలు చూశాను. అచ్చం నేరేడు పండు వగరు! ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ వచ్చే టానిన్ల పని అది. లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకుని నోరు పిడచకట్టిస్తాయి.

ఆదివారమంటే అత్తయ్య చేతి చేపల పులుసు. అందులో బేరాల్లేవు. ముద్ద మీద వైన్ పడగానే మావారు మొహం చిట్లించి 'ఇనప గరిటె నాకినట్టుందే' అన్నారు. నిజంగా ఇనుమే! రెడ్‌వైన్‌లోని కాస్తంత ఇనుము చేప కొవ్వుతో కలిస్తే నీచువాసన రేగుతుంది. పైగా కారం నాలుకను మండిస్తుంటే ఆల్కహాలు ఇంకా ఎగదోస్తుంది. పులుసు తప్పు కాదు, వైన్ తప్పూ కాదు, జోడీ తప్పు.

గట్టెక్కించింది మాంసం వేపుడు. ఎండుమిర్చి తగ్గించి మిరియాలు, అల్లం, చివర్లో చెంచాడు నెయ్యి వేశాను. మాంసంలోని ప్రొటీన్లూ కొవ్వూ టానిన్లకు దొరికితే అవి మన నోటిని వదిలేస్తాయి. టూలూజ్‌లో బాతు మాంసం, తెల్ల చిక్కుళ్లు కలిపి ఉడికించే కాసూలేతో తాగడం అందుకేనట. నా ఓటు మాత్రం గుత్తివంకాయకే. వేరుశనగ, నువ్వుల ముద్ద నాలుకకు పూతపూస్తే వగరు తగ్గి పండు రుచి బయటపడింది. అయితే కారం సగానికి తగ్గించాలి. ఆవకాయ జాడీ ఆ దరిదాపులకు రాకూడదు.

భోజనాలయ్యాక అత్తయ్య నా గ్లాసు తీసుకుని వాసన చూశారు. 'నేరేడు పళ్ల బుట్టలా ఉందే' అని, కాసేపాగి, 'మా తమ్ముడి దగ్గర ఇట్లాంటి వాసన రాలేదమ్మాయ్' అన్నారు. గ్లాసు కింద పెట్టేశారు.

మిగిలిన సగాన్ని తిరిగి సీసాలో పోసి, బిరడా బిగించి, ఫ్రిజ్‌లో దోసెల పిండి పక్కన పెట్టాను. మూడు నాలుగు రోజులు ఉంటుంది. పొద్దున్నే చూస్తే, లేబుల్ మీద వైన్ ఎంతవరకు ఉందో అంతవరకూ బాల్‌పెన్నుతో గీత గీసి ఉంది.

మూడో రోజూ చూశాను. వైన్ గీత దగ్గరే ఉంది.