కొత్త తుంటి జారితే...

తుంటి మార్పిడి చేయించుకుని నెలైంది. బామ్మ కర్ర పట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది. ఓరోజు కుర్చీలో కూర్చునే కిందపడ్డ కళ్లజోడు కోసం బాగా వంగింది. అంతే... టక్కుమంది. భరించలేని నొప్పి. కాలు పొట్టిగా అయి, లోపలికి తిరిగిపోయింది.

కృత్రిమ కీలులోని బంతి గిన్నెలోంచి బయటికొచ్చేసిందన్నమాట. ఆపరేషనైన తొలి మూడు నెలల్లో ఈ ముప్పు ఎక్కువ. చాలామందికి మళ్లీ కోత అక్కర్లేదు. ఎక్స్‌రే తీసి, మత్తిచ్చి, కాలిని పద్ధతిగా లాగి బంతిని గిన్నెలోకి చేరుస్తారు. ఆలస్యమైతే మాత్రం కండరాలు బిగుసుకుంటాయి. సయాటిక్ నరం నలిగే ప్రమాదమూ ఉంది.

ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ ఖాళీ కోసం ఆలస్యం కావచ్చు. తగిన వైద్యులు, పరికరాలు ఉన్నచోట అత్యవసర విభాగంలోనే సర్దేస్తారు. ఆ వసతి ఎక్కడుందో డిశ్చార్జి రోజునే సర్జన్‌ని అడిగి ఉంచుకోవాలి.

ఇక ఇంట్లోవాళ్లు చేయాల్సింది... కాలు లాగొద్దు, నడిపించొద్దు. కట్టు కట్టేవాళ్ల దగ్గరికి అసలే వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ‘కాస్త కాఫీ తాగు, ఓ ముద్ద తిను’ అనీ అనొద్దు. కడుపు నిండుగా ఉంటే మత్తివ్వడానికి గంటల తరబడి ఆగాల్సి రావచ్చు. ఏ కీలు వేశారో రాసున్న డిశ్చార్జి కాగితాలు, పాత ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్లాలి. అందుకే ఆ ఫైలు బీరువా అడుగున కాదు, చేతికందేచోట ఉండాలి.