అద్దాల బీరువాలో ఆటబండి

గత విద్యాసంవత్సరాంతంలో మన కళాశాల పూర్వ విద్యార్థి ఒకరు, తమ పేరు ప్రకటించవద్దని కోరుతూ, ఒక పాత పెట్టెను కళాశాలకు బహూకరించారు. అందులో ఎరుపు, ఆకుపచ్చ రంగుల ఇనుప పట్టీలు, ఇత్తడి చక్రాలు, నట్లు, బోల్టులు, ఒక చిన్న స్క్రూడ్రైవరు, పురుగులు సగం తిన్న ఒక బొమ్మల పుస్తకం ఉన్నాయి. మూత మీద ‘మెకానో’ అన్న అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు. రంగులను, మూత మీది బొమ్మను బట్టి ఇది 1950 ప్రాంతపుదని నా అంచనా. ఈ పెట్టెను ఏమి చేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, గ్రంథాలయంలో అద్దాల బీరువా ఒకటి చేయించి, అందులో ఉంచి, తాళం వేసి, ముందు ఒక చీటీ అంటించాలన్న అభిప్రాయమే బలంగా వినిపించింది. పెద్దల మాటను కాదనటం నా ఉద్దేశం కాదు. అయితే ఆ బీరువాకు వడ్రంగిని పిలవకముందే నా మనవి ఒకటి వినవలసిందిగా కమిటీ వారిని కోరుతున్నాను.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి నట్లూ బోల్టుల ప్రసక్తి ఎందుకని విద్యార్థి మిత్రులు నవ్వుకోవచ్చు. ఛందస్సు చెప్పేవానికి ఈ ఆట అంత పరాయిది కాదని నా సమాధానం. ఈ పట్టీలన్నిటి మీదా అరంగుళానికొక రంధ్రం ఉంటుంది. చిన్నదైనా పెద్దదైనా, నిడుపుదైనా వంకరదైనా ఆ దూరం మారదు. ఆ ఒక్క నియమం మూలాన ఏ ముక్క అయినా మరే ముక్కతోనైనా కలుస్తుంది. గణాలు కొన్నే అయినా పద్యాలకు లెక్కలేనట్లు, ముక్కలు కొన్నే అయినా వాటితో కట్టగల బండ్లకు, వంతెనలకు అంతులేదు.

ఈ నియమాన్ని కనిపెట్టినవాడు ఇంజనీరు కాదు. ఫ్రాంక్ హార్న్‌బీ 1863లో లివర్‌పూల్‌లో జన్మించాడు. మాంసం దిగుమతి చేసే ఒక వర్తకుని దగ్గర లెక్కలు వ్రాసుకొనే గుమస్తాగా పనిచేశాడు. తన కుమారులిద్దరికీ ఆటవస్తువులు చేసిపెట్టటం కొరకు రేకును పట్టీలుగా కత్తిరించి, సమాన దూరాలలో రంధ్రాలు పొడిచి, విప్పి మళ్ళీ బిగించటానికి వీలుగా నట్లు, బోల్టులు అమర్చాడు. ఒక క్రేనుకు చేసిన ముక్కలు విప్పితే వంతెనకు పనికిరావాలన్నదే అతని ఆలోచన అంతా. 1901లో పేటెంటుకు దరఖాస్తు పెట్టినప్పుడు కావలసిన సొమ్మును యజమాని వద్దనే అప్పు తీసుకున్నాడు. ఆ యజమానే తరువాత భాగస్వామి అయ్యాడు. మొదట ఈ ఆటకు ‘యంత్రశాస్త్రం సులభం’ అనే అర్థం వచ్చే నిడుపైన పేరుండేది. 1907లో ‘మెకానో’ అయింది. 1914లో లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్డులో పెద్ద కర్మాగారం వెలిసింది. 1916 నుండి ఒక పత్రిక కూడా బయలుదేరింది. ఆటవస్తువులు అమ్మటానికి మొదలుపెట్టిన ఆ పత్రిక రైలు వంతెనల గురించి, ఓడల గురించి పిల్లలకు వ్యాసాలు వ్రాసింది. హార్న్‌బీ 1931లో పార్లమెంటు సభ్యుడయ్యాడు, 1936లో మరణించాడు.

ఇక అసలు సంగతి. 1930ల మొదటి సంవత్సరాలలో ఈ సంస్థ మోటారుకారు నిర్మాణానికి ప్రత్యేకించి ఒక సెట్టును విడుదల చేసింది. మామూలు పెట్టెలోని రంధ్రాల పట్టీల స్థానంలో ఇందులో నిగనిగలాడే ఎనామెల్ రంగు పూసిన రేకు భాగాలుండేవి. వాటిని మార్చి మార్చి బిగిస్తే ఒకసారి పరుగుపందెపు కారు, ఒకసారి ఇంటిల్లిపాదీ కూర్చోదగిన కారు తయారయ్యేవి. కీ ఇచ్చి వదిలితే స్ప్రింగు మోటారుతో నడిచేది. రెండవ ప్రపంచయుద్ధంలో బిన్స్ రోడ్డు కర్మాగారం యుద్ధ సామగ్రి తయారీకి మళ్ళింది. యుద్ధం ముగిశాక ఆటవస్తువులు తిరిగి వచ్చాయి గాని ఈ కారు సెట్టు తిరిగి రాలేదు. ఆ కారణంగా ఈనాడు ప్రపంచంలోని పాత ఆటవస్తువుల సేకర్తలు దీనికొరకు ఎంత ధరకైనా వెనుదీయరు.

వారి అభిరుచిని నేను ఎగతాళి చేయబోవటం లేదు. ఒక పట్టీ మీది ఆకుపచ్చ రంగు ఛాయను చూసి అది ఏ దశకంలో తయారైనదో చెప్పగల పరిజ్ఞానం తాళపత్రం లిపిని చూసి శతాబ్దం చెప్పే పండితుని పరిజ్ఞానానికి తీసిపోదు. 1926కు ముందు నికెల్ పూత, ఆ తరువాత ఎరుపు ఆకుపచ్చలు, 1934లో నీలం బంగారు రంగులు, 1964లో పసుపు నలుపులు. ఇదంతా వారికి కంఠస్థం. చెల్లాచెదరైన చరిత్రను ముక్కముక్కగా కూర్చిపెట్టినవారు వారే. అయితే వారి లోకంలో ధరలు నిర్ణయమయ్యే పద్ధతిని గమనించండి. అన్నిటికంటె విలువైన పెట్టె ఏది? కర్మాగారంలో అట్టకు దారంతో కట్టిన ముక్కలు ఆ కట్టు విప్పకుండా అట్లాగే ఉన్న పెట్టె. అంటే ఏ పిల్లవాడూ ముట్టని పెట్టె. బోల్టు బిగించిన చోట రంగు ఒరిసిపోతే విలువ పడిపోతుంది. పట్టీ వంగితే ఇంకా పడిపోతుంది. విప్పి బిగించటం కొరకే పుట్టిన వస్తువు, ఎన్నడూ విప్పబడనందుకు గౌరవం పొందుతున్నది!

తమ బాల్యాన్ని వెదుక్కుంటున్నామని ఆ సేకర్తలు అంటారు. కాని అట్టకు కట్టిన దారం తెగని పెట్టెలో ఎవరి బాల్యమూ లేదు. బాల్యం ఉన్నది రంగు ఒరిసిన ముక్కలలోనే.

ఈ వ్యామోహంలో మరచిపోయిన మనుషులు కూడా ఉన్నారు. మెకానో ప్రకటనలు ఈ ఆటను ‘బాలుర ఇంజనీరింగు’ అని చాటాయి. మూతల మీద మగపిల్లలే కనిపించేవారు. ఆ పెట్టెలను తయారుచేసిన కర్మాగారంలో మాత్రం పనివారిలో స్త్రీలే అధికం. సేకర్తలు ఇంత అపురూపంగా కాపాడుతున్న ఆ దారపు ముడులు చాలావరకు ఆ స్త్రీల చేతులు వేసినవే. 1964లో సంస్థ చేతులు మారింది, 1971లో మళ్ళీ మారింది. 1979 నవంబరు 30న బిన్స్ రోడ్డు కర్మాగారం ఉన్నపాటున మూతపడింది. వందలాది మంది ఉపాధి పోయింది. పనివారు కొంతకాలం కర్మాగారాన్ని వదలకుండా లోపలే బైఠాయించారు. ఆ పేరు ఫ్రాన్సులోని కలే నగరంలో మరికొన్ని దశాబ్దాలు బ్రతికింది. ఆ కర్మాగారాన్ని కూడా మూసివేస్తామని 2023లో యజమానులు ప్రకటించారు. కారు సెట్టు రంగుల గురించి పుటలకొలది వ్రాసేవారు ఆ ముడులు వేసిన చేతుల గురించి ఒక పంక్తితో సరిపెడతారు.

ఈ విషయంలో నా పక్షపాతానికి కారణం దాచను. మా మామూ విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే ఒక షెడ్డులో ఫిట్టరు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆయన ఎక్కడినుండో ఒక ‘మెకానిక్స్’ పెట్టె తెచ్చారు. మన దేశంలో తయారైన, మెకానో వంటిదే అయిన ఆట అది. అప్పటికే ఎవరో ఆడి వదిలినది, సగం బోల్టులు లేవు. షెడ్డులో దొరికిన చిన్న బోల్టులతో ఆయన ఆ లోటు పూడ్చారు. నేను పుస్తకంలోని బొమ్మ చూసి లారీ కట్టాను. నాలుగు రోజులు దాన్ని అలమర మీద పెట్టి వచ్చినవారికల్లా చూపించాను. ఐదవనాడు బడినుండి వచ్చేసరికి మా ఆపా దాన్ని విప్పి బావి గిలక వంటిది కట్టింది. పుస్తకంలో లేనిది. నేను ఏడ్చి గోల చేస్తే మామూ నవ్వి, “అరే, విప్పితేనే గదా బేటా ఇంకోటి వచ్చేది” అన్నారు. ఆనాడు ఆ మాట నాకు అన్యాయంగానే తోచింది. ఆ గిలక తాడుతో చెంబెడు నీళ్ళు పైకి వచ్చిన సంగతి ఒప్పుకోవటానికి నాకు చాలా సంవత్సరాలు పట్టింది.

ఆటవస్తువును ఆటగా వాడుకున్న పెద్దలు కూడా లేకపోలేదు. భౌతికశాస్త్ర విద్యార్థులు ఈ కథను తప్పక తెలుసుకోవాలి. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ హార్ట్రీ అనే ఆచార్యుడు 1933లో అమెరికా వెళ్ళి, వానెవార్ బుష్ నిర్మించిన మహాయంత్రాన్ని చూశాడు. అవకలన సమీకరణాలను చక్రాలు, ఇరుసుల భ్రమణంతో సాధించే యంత్రం అది. అంత యంత్రాన్ని వెంటనే కొనే స్తోమత మాంచెస్టర్‌కు లేదు. హార్ట్రీ తన శిష్యుడు ఆర్థర్ పోర్టర్‌తో కలిసి 1934లో దాని నమూనాను మెకానో ముక్కలతో కట్టాడు. ఖర్చు సుమారు ఇరవై పౌన్లు. అది చూపులబొమ్మగా మిగిలిపోలేదు, పరమాణు నిర్మాణానికి సంబంధించిన లెక్కలు నిజంగానే చేసింది. దానిని చూసి ధైర్యం వచ్చిన తరువాతే ఆ విశ్వవిద్యాలయానికి అసలైన పెద్ద యంత్రం సమకూరింది. ఆ మెకానో యంత్రంలో కొంత భాగం ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. అద్దాల వెనుకనే ఉంది, నిజమే. పని ముగించుకొని వెళ్ళి కూర్చున్నది అది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

1996లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఒకరైన హ్యారీ క్రోటో కూడా తన చిన్ననాటి మెకానో పెట్టెను కృతజ్ఞతతో తలచుకున్నాడు. నట్టును ఎంత బిగించాలో, ఎక్కడ ఆపాలో వేళ్ళకు తెలియటం ఒక విద్య అని, అది పుస్తకంతో రాదని అతని భావం. మన ప్రయోగశాలలో మూడేళ్ళు చదివి స్క్రూడ్రైవరు పట్టకుండా పట్టా పుచ్చుకొని వెళ్ళేవారున్నారు. తప్పు వారిది కాదు. నేను ఇంటర్మీడియట్ చదివిన కళాశాలలో (దాని పేరు ఇక్కడ అనవసరం) ప్రయోగశాల బీరువాలో ఒక ఆవిరి యంత్రపు నమూనా ఉండేది. తనిఖీ అధికారులు వచ్చే ముందురోజు దాని మీది దుమ్ము తుడిచేవారు, వారు వెళ్ళాక తాళం పడేది. రెండేళ్ళలో ఆ చక్రం తిరగగా నేను చూడలేదు. తిరుగుతుందో లేదో అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

దాత ఔదార్యాన్ని గౌరవించాలంటే పెట్టెను భద్రపరచాలి గదా అని కమిటీలోని పెద్దలొకరు నాతో అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. వచ్చినది 1930ల నాటి కారు సెట్టే అయి, దారపు కట్లు తెగకుండా ఉండి ఉంటే నేను ఈ వ్యాసం ఇంత గట్టిగా వ్రాయగలిగేవాణ్ణి కానని నిజాయితీగా ఒప్పుకుంటాను. బహుశా నేనే బీరువా తాళం చెవి అడిగేవాణ్ణి. సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దాల వెనుక ఉన్న ఆటవస్తువుల ముందు నేనూ గంటలు గడిపినవాణ్ణే. కాని మనకు వచ్చినది అటువంటి అపురూప వస్తువు కాదు. మామూలు పెట్టె. లక్షలకొలదిగా తయారైనది. రంగు అప్పుడే ఒరిసిపోయింది, కొన్ని పట్టీలు వంగి ఉన్నాయి. మన దాత చిన్ననాడు దీనితో ఆడుకున్నాడనటానికి అంతకంటె సాక్ష్యం అక్కరలేదు. సేకర్తల బజారులో దీనికి పెద్ద వెల పలకదు. బీరువాకు అయ్యే ఖర్చే అంతకంటె ఎక్కువ కావచ్చు.

అందుచేత నేను కోరేది ఇంతే. ఈ పెట్టెను గ్రంథాలయానికి కాక భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఇవ్వండి. బల్ల మీద, మూత తీసి పెట్టండి. ముక్కలు లెక్కపెట్టి ఒక పుస్తకంలో వ్రాసుకొందాం. వారానికి ఒక తరగతి చొప్పున, ఆర్ట్సు విద్యార్థులు, విద్యార్థినులు సహా, దాని ముందు కూర్చోనిద్దాం. ముక్కలు పోవా అంటే పోతాయి. నెలకు నాలుగు బోల్టులు పోయినా వాటి ఖరీదు ఒక కప్పు టీ ఖరీదును మించదు. బీరువాకు కేటాయించదలచిన సొమ్ముతో పదేళ్ళు బోల్టులు కొనవచ్చు.

నిర్ణయం వెలువడేవరకు పెట్టె స్టాఫ్ రూములో నా బల్ల మీదనే ఉంది. దాని భద్రత బాధ్యత నాదే. మూత తీయకుండా ఉండలేకపోయానని కమిటీ వారికి ఇక్కడే విన్నవించుకుంటున్నాను. పుస్తకంలో మిగిలిన పుటలు చూసి ఇద్దరు ద్వితీయ సంవత్సరం విద్యార్థినులు మధ్యాహ్నపు విరామంలో ఒక చిన్న లారీ చట్రం మొదలుపెట్టారు. రెండు బోల్టులు తక్కువైనాయి. మరునాడు ఒకమ్మాయి తన తండ్రి సైకిల్ షాపు నుండి నాలుగు మిల్లీమీటర్ల బోల్టులు రెండు తెచ్చింది. మెకానో బోల్టు అంగుళంలో ముప్ఫైరెండింట ఐదో వంతు, ఇంగ్లీషు మర. మనది మెట్రిక్ మర. లావు ఇంచుమించు ఒకటే అయినా మర చుట్టు కలవదు, పాత నట్టు దీనికి పట్టదు. ఆ అమ్మాయి ఆ సంగతి ముందే చూసుకొని నట్లు కూడా తెచ్చింది. వెనుక ఇరుసు నిలిచింది. ముందు చక్రాలు ఇంకా బిగించాలి.